టైటిల్స్‌లో పడని పేరు

మా కృష్ణానగర్‌లో ఒక అలవాటుంది. టీవీలో సినిమా అయిపోయినా పేర్లన్నీ పడేదాకా కట్టనివ్వరు. ఇంటికో మేకప్ మనిషో, లైట్‌బోయో, గుంపులో నిలబడే ఆర్టిస్టో ఉంటారు మరి! పక్కింటి పిన్నిగారైతే కళ్ళజోడు సర్దుకుని మరీ వాళ్ళబ్బాయి పేరు వెతుక్కుంటారు. సగంసార్లు ఉండదు.

ఆ పిన్నిగారే మొన్న నా ఫోనుకి ఎల్లాప్రగడ సుబ్బారావుగారి ఫొటో పంపారు. కింద బారెడు రాత. భీమవరంలో 1895లో పుట్టిన ఈ మహానుభావుడు లోకాన్నే బతికించాడట, నోబెల్ ఇవ్వకుండా అన్యాయం చేశారట, నిజమైన తెలుగువాళ్ళయితే పదిమందికి పంపాలట. సాయంత్రానికి అదే రాత ఇంకో నలుగురి దగ్గర్నుంచి వచ్చింది.

కోపం న్యాయమే. మా చెల్లెలి కూతురికిప్పుడు మూడో నెల. రోజూ వేసుకునే ఫోలిక్ ఆసిడ్ మాత్ర ఉంది చూశారూ, కడుపులో బిడ్డ వెన్నెముక సరిగ్గా ఏర్పడాలని ఇచ్చేది, దాన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ కంపెనీలో తయారుచేసింది ఆయన బృందమే. 1948లో, 53 ఏళ్ళకే పోయారు. మనం తపాలా బిళ్ళ వేసింది 1995లో!

అయితే ఆ రాతలో ఆరియోమైసిన్ కూడా ఆయనొక్కరే కనిపెట్టినట్టుంది. దాన్ని కనిపెట్టింది డగ్గర్ అనే పెద్దాయన. సుబ్బారావుగారు అక్కడ పరిశోధనకి పెద్దదిక్కు. ఒకరి పేరు మరిచారని ఏడుస్తూ ఇంకొకరి పేరు చెరిపేయటం ఏం న్యాయమండీ?

అంతకన్నా నాకు పట్టుకున్నది వేరు. ఆయన 1922లో అమెరికా వెళ్ళారు. ఖర్చుకి మామగారూ చెయ్యి వేశారు. భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. కొడుకు ఇక్కడే పుట్టి, తొమ్మిది నెలలకే పోయాడు. ఆ తండ్రి చూడనేలేదు. మళ్ళీ ఈ గడ్డమీద అడుగూ పెట్టలేదు.

ఆయన్ని తప్పుపట్టేంతదాన్ని కాను. తిరిగొచ్చేస్తే మా పిల్ల మింగే మాత్ర ఏమయ్యేదో! ఇన్ని లక్షలమంది తల్లుల మేలు ముందు ఒక్క ఆడదాని కష్టం ఎంతనిపిస్తుంది. అనిపిస్తుంది సరే, ఆ లెక్క ఆవిణ్ణి అడిగే వేశారా అని కూడా అనిపిస్తుంది. నిచ్చెన పట్టుకున్నవాళ్ళు ఇష్టపడే పట్టుకున్నారని మనం ఎంత తేలిగ్గా అనేసుకుంటామో!

ఆ రాతలో డగ్గర్ పేరు చేర్చాను, చివర శేషగిరిగారి పేరూ చేర్చి పిన్నిగారికే తిప్పి పంపాను. క్షణంలో ఫోను మోగింది.

"శేషగిరెవరమ్మా? ప్రొడ్యూసరా?" అన్నారావిడ.