బొట్టు వెండికా, అచ్చుకా?

దీపావళి రాత్రి మా బాపమ్మ ఒక నిజాం కాలపు హాలీ వెండి రూపాయిని చింతపండుతో తోమి, తమలపాకు మీద పెట్టి లక్ష్మీపూజ చేసేది. దాని మీద చార్మినార్, నడిమి ద్వారంలో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరులోని తొలి అక్షరం. ఎనిమిదేళ్లప్పుడు అడిగాను, "చార్మినార్‌కు బొట్టు పెడుతున్నవేంది బాపమ్మా?" అని.

"బొట్టు వెండికిరా, కట్టడానికి గాదు."

వేదానికి పేరున్న మంథని పిల్లవాణ్ని కదా, వేదం చదువుకుంటుంటే ఆ మాటే ఛాందోగ్యోపనిషత్తులో ఎదురైంది. కుండ అనేది పేరే, నిజం మన్ను అని ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు చెబుతాడు.

బజారుదీ ఉద్దాలకుడి పక్షమే. సుత్తితో కొట్టిన నాణేల అంచులు ఎగుడుదిగుడు; గీకి వెండి కాజేసినా తెలియదు. అందుకే షరాబు తూచి, మోగించి చూసేవాడు. 1788లో బర్మింగ్‌హామ్ పక్కన సోహోలో మాథ్యూ బౌల్టన్ ఆవిరి యంత్రంతో నాణేలు కొట్టించాడు. అన్నీ ఒకే గుండ్రం, ఒకే అంచు. 1829లో తెరిచిన కలకత్తా కొత్త టంకశాలకూ బౌల్టన్ కంపెనీ యంత్రాలే వచ్చాయి. ఇంగ్లీషు రూపాయిని మన దగ్గర కల్దార్ అన్నారు. కల్ అంటే యంత్రం. అయినా మారకం వెండిని బట్టే: ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. రెండు వైపులా వెండి దాదాపు సమానం.

అచ్చు మాత్రం ఎవరు కొట్టిస్తే వాళ్ల మాట పలుకుతుంది. 1799లో టిప్పు సుల్తాను మీద ఇంగ్లీషువాళ్ల శ్రీరంగపట్నం గెలుపుకు సోహోలోనే పతకాలు కొట్టారు. సింహం పులిని అణిచిపెట్టి ఉంటుంది. పైన అరబీలో 'అసదుల్లా అల్ గాలిబ్', అంటే జయించే దైవసింహం. అది హజ్రత్ అలీ బిరుదు. టిప్పు తన ఆయుధాల మీద వేయించుకున్నదీ అదే. ఓడినవాడి ప్రార్థన గెలిచినవాడి పతకానికెక్కింది. అచ్చును నమ్మరాదని, బాపమ్మ మాటే శాస్త్రమని తేల్చుకున్నాను.

అయితే ఒక ఏడాది విరిగిన పట్టగొలుసులు అవుసులాయన కరిగిస్తే చిన్న వెండి ముద్ద వచ్చింది. రూపాయికంటే బరువు. దీపావళికి అదే తమలపాకు మీద పెట్టాను. బాపమ్మ తీసి పక్కన పెట్టింది.

"దీనికి ముఖమేదిరా?"

రూపాయికున్న ముఖం చార్మినారే కదా! ఆ మాట నేను అనలేదు.

ఇప్పుడు నేను పౌరోహిత్యానికి వెళ్తే యజమానులు పూజ పళ్లెంలో స్టీలు రూపాయి పెడుతున్నారు. అందులో వెండి రవ్వంత కూడా లేదు. సింహాల ముఖం పైకి వచ్చేటట్టు తిప్పి, దానికే బొట్టు పెడుతున్నాను.