దారి చూపినవాడి మాట

ఒకరి మాట నమ్మి నడిచేవాడు తన బుద్ధిని తాకట్టు పెట్టినట్టేనా? గురువు లేనిదే గతి లేదన్నవారూ, గురువే అడ్డుగోడ అన్నవారూ ఈ దేశంలో పక్కపక్కనే బతికారు, ఇప్పటికీ బతుకుతున్నారు. ఈ తగాదా ఆశ్రమాల్లో తేలేది కాదని నా నమ్మకం. అక్కడ భక్తి ఎక్కువ, చెప్పింది నిజమో కాదో చూసుకునే వీలు తక్కువ. అడవిలో ఈ ప్రశ్న తేటగా కనబడుతుంది. బిలాస్‌పూర్‌లో కట్నీ వైపు వెళ్లే బండెక్కి, పెండ్రా రోడ్‌లో దిగి, అమర్‌కంటక్ చుట్టూ ఉన్న మైకల్ కొండల్లో బైగా తెగకు చెందిన ఒక మనిషి వెంట పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడిస్తే, గురుశిష్య సంబంధమంతా ఆ ఒక్క రోజులో ఇమిడిపోతుంది. తెలిసినవాడు ముందు, తెలియనివాడు వెనక. నమ్మకం అడుగడుగునా పరీక్షకు నిలుస్తుంది, పొద్దుగూకేసరికి ఎవరి దారి వారిది. మనిషి మీద మనిషి పెట్టుకోదగిన నమ్మకానికి ఈ నడకే సరైన కొలత అంటాను. దానితో గురువులను కొలవవచ్చు. దానితోనే మనల్ని మనం కొలుచుకుంటే, తీర్చని బాకీ ఒకటి బయటపడుతుంది.

ముందు ఆ నడకలో జరిగేదేమిటో దగ్గరగా చూద్దాం. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లవారేసరికి చెట్టు మొదట్లో లేత పసుపు పువ్వు దట్టంగా పరుచుకుని ఉంటుంది, తియ్యటి వాసన ఎంతో దూరం నుంచే తగులుతుంది. కొత్తవాడి కాళ్లు ఆ వాసన వైపే పోతాయి. దారి చూపేవాడు చెయ్యి అడ్డుపెట్టి ఆపుతాడు. ఆ పువ్వు కోసం ఆ వేళకు ఎలుగుబంటి వస్తుంది. పక్కనున్న చెదపుట్టకు కొత్తగా తవ్విన కన్నం, కన్నం అంచున ఇంకా తడి ఆరని మట్టి, సాలచెట్టు బెరడు మీద గోళ్ల గీతలు మన కళ్లకూ కనబడుతూనే ఉన్నాయి. వాటిని కలిపి చదవడం మాత్రం అతనికే వచ్చు. కొండముచ్చు కొమ్మ మీంచి దగ్గినట్టు అరిస్తే, వెనువెంటనే చుక్కల దుప్పి పలికితే, ఆ రెండు గొంతుల మధ్య ఏ వైపు ఏం కదులుతోందో అతను చెబుతాడు. ఒకసారి చూపించాక మనకూ కనబడుతుంది, వినబడుతుంది. కాసేపటి కిందట అతని నోటి మాటగా ఉన్నది ఇప్పుడు మన కంటి చూపు అయింది. మంచి మార్గదర్శి మాట ఇలా మన ఇంద్రియాల దగ్గరికే తిరిగి వచ్చి రుజువవుతుంది. అందుకే అతన్ని నమ్మినవాడి బుద్ధి మందగించదు, ఇంకా చురుకవుతుంది.

మన తర్కశాస్త్రం ఈ విషయాన్ని ఎంతో శ్రద్ధగా ఆలోచించింది. గౌతముడి న్యాయసూత్రాలు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానాల సరసన ఆప్తుడి మాటను కూడా ప్రమాణంగా నిలబెట్టాయి. ఆప్తుడెవరు? సుమారు పదిహేను వందల ఏళ్ల కిందట ఆ సూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు రెండే షరతులు పెట్టాడు. విషయాన్ని స్వయంగా ఎరిగినవాడై ఉండాలి, ఎరిగినదాన్ని ఎరిగినట్టే చెప్పాలన్న తలపు ఉండాలి. అంతటితో ఆగకుండా, ఈ లక్షణం ఋషులకూ ఆర్యులకూ మ్లేచ్ఛులకూ ఒక్కటేనని తేల్చేశాడు. కులం, చదువు, భాష ఆ లెక్కలోకి రానేరావు. అడవి సంగతి అడవి మనిషి చెబితే, ఆ మాట ప్రమాణమవడానికి ఇంకెవరి ముద్రా అక్కర్లేదు. వేదం ఎందుకు ప్రమాణమన్న ప్రశ్నకు న్యాయసూత్రాలు ఇచ్చిన జవాబు ఇంకా గమనించదగ్గది. ఆయుర్వేదం చెప్పిన మందు పనిచేస్తోంది, చెప్పినవారు నమ్మదగినవారని తెలిసింది, వేదానికీ అదే ఆధారం అంటాయి. అంటే కనిపించే చోట పరీక్షకు నిలిచిన నమ్మకాన్నే కనిపించని చోటికి చాచారు. మీమాంసకులు దీనికి ఒప్పుకోలేదు. వేదాన్ని ఎవరూ చెప్పలేదు కనుక చెప్పినవాడి యోగ్యతతో దానికి పనిలేదన్నారు. వారి వాదంలో పదును ఉంది. అయినా మనుషులు మనుషులకు దారి చెప్పే ఈ లోకంలో న్యాయశాస్త్రం దారే నాకు సరైనదనిపిస్తుంది. చెప్పినవాడు ఎవరు, అతనికి ఎలా తెలుసు అని అడిగే హక్కును అది మనకు మిగులుస్తుంది.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో పెరిగిన తెలుగువాళ్లకు ఇదంతా పుస్తకాల సంగతిగా అనిపించనక్కర్లేదు. 1887లో ఏర్పడ్డ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ, 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ఈ ఊరు కేంద్రమైన తరవాత కూడా, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడ బళ్లు నడుపుతూనే ఉన్నాయి. రైల్వే జనరల్ రూల్స్ ప్రకారం, రోడ్ నేర్చుకుని, నేర్చుకున్నానని సంతకం పెట్టనిదే లోకో పైలట్ ఏ సెక్షన్ మీదా సొంతంగా బండి నడపకూడదు. తెలియని సెక్షన్ మీద నడపవలసి వస్తే, ఆ సెక్షన్ తెలిసిన ఉద్యోగిని తోడు తీసుకోవాలి. ఖోంగ్‌సరా దాటాక భన్వార్‌టోంక్ మీదుగా ఖోడ్రీ దాకా సాగే ఘాట్ సెక్షన్ ఎక్కుడేమిటో, మలుపేమిటో, బ్రేక్ ఎక్కడ అందుకోవాలో ముప్ఫై ఏళ్ల సర్వీసున్న డ్రైవరైనా మొదట ఒకరి పక్కన కూర్చునే తెలుసుకుంటాడు. దాన్ని బానిసత్వమని ఎవరూ అనరు. బ్రేక్ మీద చెయ్యి అతనిదే, జవాబుదారీ అతనిదే. చెప్పేవాడి పని కూడా చెప్పించుకునేవాడు సంతకం పెట్టేదాకానే. ఎన్నేళ్లయినా శిష్యుడి చేత ఆ సంతకం పెట్టించని గురువు గురించి మనం కంగారు పడాలి.

ప్రాచీన గ్రంథాల్లో గురువు గురించి చెప్పిన చోట్ల దారి, బాటసారి మళ్లీ మళ్లీ కనబడడం యాదృచ్ఛికం కాదనుకుంటాను. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఒక మనిషిని కళ్లకు గంతలు కట్టి గాంధార దేశం నుంచి తెచ్చి, జనసంచారం లేని చోట వదిలేస్తారు. ఎవరో గంతలు విప్పి, గాంధారం ఇటువైపు, ఇలా పో అని చెబుతారు. అతను ఊరూరా అడుగుతూ, తన తెలివిని వాడుకుంటూ ఇల్లు చేరుకుంటాడు. ఆచార్యుడు ఉన్నవాడికే తెలుస్తుందని చెప్పడానికే ఉపనిషత్తు ఈ కథను తెచ్చింది. అయితే కథలోని గురువు చేసిందెంత? గంతలు విప్పాడు, దిక్కు చూపాడు. మిగతా దూరమంతా ఆ మనిషి నడిచాడు, పైగా ఒక్కరినే పట్టుకుని వేళ్లాడకుండా ప్రతి ఊళ్లోనూ అడిగాడు. మన అమర్‌కంటక్‌లో పుట్టే నర్మదకు పరిక్రమ చేసేవాళ్లు నేటికీ చేసేదిదే. నదిని కుడిచేతి వైపు ఉంచుకుని, దాటకుండా, రెండు ఒడ్ల వెంబడి రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా నడిచే ఆ యాత్రలో రేవు ఎక్కడుందో, వాగు ఎక్కడ దాటాలో ఊరివాళ్లే చెబుతారు. మజ్ఝిమ నికాయంలో బుద్ధుణ్ణి గణకుడైన ఒక బ్రాహ్మణుడు నిలదీస్తాడు. నిర్వాణం ఉంది, దారి ఉంది, చెప్పే మీరున్నారు, మరి శిష్యుల్లో కొందరు చేరుకోలేకపోతున్నారేం అని. బుద్ధుడు రాజగృహానికి పోయే దారి మాట ఎత్తుతాడు. దారి సరిగ్గా చెప్పినా ఒకడు తప్పుదారి పడితే నువ్వేం చేయగలవని అడిగి, తానూ దారి చూపేవాణ్ణేనని చెబుతాడు. తన అధికారానికి ఇంత స్పష్టంగా హద్దు గీసుకున్న గురువులు తక్కువ.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది, అదీ మన తెలుగుగడ్డ మీద పుట్టినవాడి నుంచే. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువుగా నిలబెట్టడానికి ఒక సంస్థనే కట్టారు. 1929లో నెదర్లాండ్స్‌లోని ఒమ్మెన్‌లో ఆయన ఆ సంస్థను రద్దు చేస్తూ, సత్యానికి దారే లేదన్నాడు. ఏ సంస్థా, ఏ గురువూ మనిషిని అక్కడికి చేర్చలేరన్నాడు. అడవికి దారి ఉంది, గమ్యం ఉంది, సాయంత్రానికి చేరామో లేదో తెలిసిపోతుంది. లోపలి ప్రయాణంలో ఇవేవీ లేవు. అలాంటప్పుడు ఎలుగుబంటిని తప్పించిన మనిషితో మోక్షం చూపేవాణ్ణి పోల్చడం ఏం సబబు? ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. గమ్యం కనబడని చోట గురువు రుజువును రేపటికి, వచ్చే జన్మకు వాయిదా వేస్తూ పోవచ్చు, ఎందరో వేశారు కూడా. కానీ అడవి నడకలోనూ గమ్యం సాయంత్రం దాకా కనబడదు. మధ్యలో మనం అతన్ని నమ్మేది ఒక్కొక్క అడుగూ నిజమవుతూ వస్తున్నందుకే. నీళ్లున్నాయన్న చోట నీళ్లున్నాయి, జారుతుందన్న రాయి జారింది. లోపలి దారిలోనూ కోపం తగ్గిందా, భయం సడలిందా, పక్కవాడి బాధ మునుపటికన్నా తెలుస్తోందా అని చూసుకునే వీలు మనిషికి ఉంది. అలా మధ్యదారిలో చూసుకునే వీలు ఒక్కటీ ఇవ్వకుండా పూర్తి నమ్మకం కోరేవాడి విషయంలో కృష్ణమూర్తి మాట అక్షరాలా నిజం. మిగతావారి విషయంలో, 1986లో కన్నుమూసేదాకా ఊరూరా తిరిగి మాట్లాడిన ఆయన జీవితమే, ఒక మనిషి మాట ఇంకొక మనిషిని తన కళ్లతో తాను చూసేలా చేయగలదని చెబుతోంది.

డబ్బు పుచ్చుకుని దారి చూపేవాడు ఆప్తుడెలా అవుతాడని కొందరంటారు. వైద్యుడూ పుచ్చుకుంటాడు. కూలి మాటను చెడగొట్టదు. లేని పులిని ఉందని చెప్పి ఊరించే ఆశ చెడగొడుతుంది. మంచి గైడ్ యోగ్యత తేలేది అతను వెనక్కి పోదామన్న రోజునే. మర్వాహి వైపు ఏనుగులు తిరుగుతున్నాయని విని, ఇవాళ ఈ లోయలోకి వద్దని చెబితే అతనికి వచ్చేదేమీ లేదు, కూలీ బక్షీసూ పోవచ్చు కూడా. అయినా చెబుతాడు. అసలు మనుషులే అక్కర్లేని దారులు కూడా వచ్చాయి. వియత్నాంలోని హోవాంగ్ లియన్ జాతీయ వనంలో 3,147 మీటర్ల ఫాన్సిపాన్ శిఖరానికి ఒకప్పుడు కొండజాతుల గైడ్ల వెంట కాలినడకనే ఎక్కేవారు. 2016లో కేబుల్ కారు వచ్చింది. పైన బౌద్ధాలయాలు కట్టారు. నడవలేని ముసలివాళ్లు కూడా దణ్ణం పెట్టుకోగలుగుతున్నారు, అది మంచిదే. అయితే ఆ పెట్టెలో కూర్చున్నవాడు నమ్మకం లేకుండా ప్రయాణిస్తున్నాడనుకుంటే పొరపాటు. ఇనుప తాడునూ, ఎన్నడూ చూడని ఇంజనీరునూ నమ్ముతున్నాడు. ముఖం చూసి, మాట విని, ప్రశ్న వేసి నమ్మే అవకాశం ఒక్కటే పోయింది.

అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసే అభ్యంతరం వేరు. బైగా మనిషికి అడవి తెలుసు, ఒప్పుకుందాం. కానీ అతని తెలివిలో సగం దేవతలు, దిష్టి, మంత్రం. పొలిమేర దేవతకు మొక్కనిదే అడుగు వేయని వాడి మాటలో దేన్ని తీసుకోవాలి, దేన్ని వదలాలి? వాత్స్యాయనుడి లెక్క ప్రకారం ఎవరైనా తాను ఎరిగిన విషయంలోనే ఆప్తుడు, అన్నిటిలోనూ కానక్కర్లేదు. అది సగం జవాబే. రెండో సగం మనం అంత సులువుగా ఒప్పుకోం. బైగాలు నాగలి పట్టేవారు కాదు, నేలతల్లి రొమ్ము చీల్చడం పాపమనేవారు. 1939లో వెరియర్ ఎల్విన్ వాళ్ల గురించి రాసిన గ్రంథంలో ఈ నమ్మకానికి పెద్ద చోటే ఉంది. వాళ్లు చేసే పోడును, వాళ్ల మాటలో బేవర్‌ను, అడవికి చేటని బ్రిటిష్ అటవీ శాఖ కట్టడి చేసింది. ఆ కాలంలోనే దొరలకు వేటలో జాడలు తీయడానికి బైగాలే కావలసివచ్చారు. జాడ తీసేటప్పుడు జ్ఞాని, విత్తేటప్పుడు అజ్ఞాని! ఆ జాడ తెలియడమూ, ఆ నేలకు మొక్కడమూ ఒకే బతుకులోంచి వచ్చాయని ఆ శాఖకు తట్టలేదు. మన రైల్వే కాలనీల్లో ఏటా షోలాపురి మాత పూజ జరుపుకునే మనకు, మొక్కూ బతుకుతెరువూ విడదీయరానివని వేరే చెప్పాలా?

బాకీ సంగతి ఇక్కడే వస్తుంది. రసెల్, హీరాలాల్ 1916లో మధ్య పరగణాల కులాలు, తెగల మీద వెలువరించిన సంపుటాల్లో, గోండు ఊళ్లకు బైగా పూజారిగా ఉండేవాడని, పొలిమేర తగాదాల్లో అతని మాటే చెల్లేదని నమోదైంది. నేల మీద అందరికన్నా పాత మనిషి అతనే కనుక గట్టు ఎక్కడుందో అతనికే తెలుసని ఇరుపక్షాలూ ఒప్పుకునేవారు. 1975లో ఈ కొండల్లోని అచానక్‌మార్ అడవి అభయారణ్యం అయింది, 2009లో టైగర్ రిజర్వ్ అయింది, ఆ ఏడాది చివర్లోనే లోపలి 6 ఊళ్లను బయటికి తరలించారు. పులికి చోటు కావాలన్నది నిజం, దాన్ని నేను కాదనను. కానీ 2006 అటవీ హక్కుల చట్టం, ముందు హక్కులు తేల్చి, గ్రామసభ తెలిసి ఇచ్చే సమ్మతి తీసుకున్నాకనే కదిలించాలంటుంది. పగలు నడకలో ఒకరి మాట మీద ప్రాణాలు పెట్టి, ఆ మనిషి ఊరి గురించి చెప్పిన మాటను సాయంత్రం కాగితం మీద లెక్కచేయకపోవడం తర్కానికి నిలవదు. అతను ఆప్తుడైతే రెండు చోట్లా ఆప్తుడే, ఎందుకంటే ఎరిగిన విషయం ఒక్కటే, ఆ నేల. 2023లో గౌరేలా-పెండ్రా-మర్వాహి జిల్లాలో బైగాల ఆవాస హక్కును గుర్తించారు. అలాంటి హక్కు తేల్చేటప్పుడు ఆ తెగ పెద్దలను, సంప్రదాయ సంస్థలను సంప్రదించాలని ఆ చట్టం కింది నియమాలే చెబుతున్నాయి. ఏ కొండ ఎవరి దేవుడిది, ఏ వాగు దాకా ఎవరి అడవి అన్నదానికి అక్కడ వాళ్ల నోటి మాటే ఆధారం. అచానక్‌మార్ లోపల మిగిలిన ఊళ్లలో కూడా అధికారులు అడగవలసిన మొదటి ప్రశ్న అదే కావాలి. ఎప్పుడు ఖాళీ చేస్తారన్న ప్రశ్న, అసలు అడగవలసి వస్తే, దాని జవాబు రాసుకున్న తరవాతే.