కోతికి వంతెన, పురుగుకు వేడినీళ్ళు

మా ఇంట్లో పట్టుపురుగులు పెంచుతాం. నా పుస్తకాలు, మా అక్క పెళ్ళి అన్నీ గూళ్ళు అమ్మిన డబ్బుతోనే. అందుకే ఈ వ్యాసం రాయడం నాకు కొంచెం కష్టం.

పోయిన ఏడాది స్కూలు నుంచి వాల్పారై పోయినాము. అక్కడ రోడ్డుకు పైన చెట్టు నుంచి చెట్టుకు పాత ఫైరింజన్ గొట్టాలతో వంతెన కట్టినారు. సింగళీకాలు బండ్ల కింద పడకుండా దాటడానికట. ముఖం చుట్టూ సింహం జూలు, తోక చివర కుచ్చు. తమిళంలో సోలైమంది అంటారు. పడమటి కనుమల అడవుల్లో తప్ప ఇంకెక్కడా లేవు, అవీ కొన్ని వేలే. ఇవి ఉండే సైలెంట్ వ్యాలీలో కరెంటు కోసం ఆనకట్ట కట్టబోతే జనం అడ్డుపడ్డారు. 1984లో అది నేషనల్ పార్కు అయింది.

ఇంటికొస్తే మా చంద్రికల నిండా గూళ్ళు. పురుగు నాలుగు జ్వరాలు దాటి, అంటే నాలుగుసార్లు చర్మం వదిలి, సుమారు కిలోమీటరు దారంతో తన చుట్టూ గూడు కట్టుకుంటుంది. చిమ్మట బయటికొస్తే దారం తెగుతుంది కాబట్టి లోపల ఉండగానే ఆవిరి పెట్టి చంపుతారు, తర్వాత వేడినీళ్ళల్లో వేసి దారం తీస్తారు. పట్టుపురుగు జాతికి ఏ భయమూ లేదు, మనమే పెంచుతాం. భయమంతా ఒక్కొక్క పురుగుకే!

కోతులు తక్కువ, పురుగులు కోట్లు, అదే తేడా అని నా స్నేహితుడు అన్నాడు. కానీ తాను మిగిలిన కొన్ని వేలల్లో ఒకదాన్నని కోతికి తెలియదు కదా. దానికి తెలిసింది ఆకలి, భయం, పొట్టకు కరుచుకున్న పిల్ల. తక్కువైతే నష్టమని లెక్క వేసేది మనమే. పురుగుకు నొప్పి కోతికున్నంత ఉండదేమో. ఆ మాటైతే ఒప్పుకుంటాను. లెక్క మాట ఒప్పుకోను.

హైదరాబాదులో కుసుమ రాజయ్య గారు చిమ్మట బయటికి పోయినాకే నూలు తీసే అహింసా పట్టు చేశారు. అది చెబితే మా అవ్వ నవ్వింది. "బయటికొచ్చి ఏం చేస్తుందిరా? ఎగరలేదు, తినడానికి నోరు లేదు. వందల గుడ్లు పెట్టి నాలుగు దినాల్లో పోతుంది. ఆ పిల్లలకంతా ఆకు నువ్వు కోసుకొస్తావా?"

నా దగ్గర జవాబు లేదు. వేల ఏళ్ళు పెంచి దాన్ని ఎగరలేనిదిగా చేసింది మనుషులే అని తర్వాత తోచింది, అప్పటికి అవ్వ ఆకు కోయను పోయింది.

మా ఇంట్లో పురుగు మానరు, మానమని నేనూ చెప్పలేను. కానీ ఎందుకు చంపుతున్నామని ఎవరైనా అడిగితే, కోట్లు ఉన్నాయిలే అని అనను. మాకు అన్నం కావాలి, అందుకే అని చెబుతాను.