మేకకు అప్పగించకూడని పని



అమెరికాలోని కాలిఫోర్నియాలో వేసవి మంటలు రాకముందే కొండవాలు పొదలను మేయించడానికి మేకల మందలను అద్దెకు తోలుకొస్తారు. మన అనుమసముద్రంపేట, ఉదయగిరి, ఆత్మకూరు మెట్టల్లో మేకలకూ కొదవ లేదు, కంపకూ కొదవ లేదు. మరి ముళ్లకంపగా పెరిగే సర్కారు తుమ్మ ఎందుకు తగ్గడం లేదు?

ఈ చెట్టు మన పక్క జిల్లా నుంచి వచ్చిందే. జమైకా నుంచి తెప్పించిన విత్తనాలను 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. దాని ఆకును మేక వాసన చూసి మొహం తిప్పుకుంటుంది. పండి రాలిన తీపి కాయను మాత్రం ఏరుకుని తింటుంది. గుజ్జు అరుగుతుంది, గట్టి గింజ అరగదు. తెల్లారి దొడ్డి ఊడిస్తే పెంటికల్లో ఆ గింజ చెక్కుచెదరకుండా ఉంటుంది. ఆ పెంటే ఎరువుగా చేనికి చేరుతుంది. వాన పడగానే గింజ మొలుస్తుంది. పెరిగిన చెట్టును నరికితే మొదట్లోంచి మళ్లీ చిగురిస్తుంది.

అలాగని మేకను తరిమేయనక్కర్లేదు. కాయలను ఎండబెట్టి, గింజతో సహా మెత్తగా పిండి పట్టించి, మిగతా మేతలో కొద్దిగా కలిపితే మేకకు బలం, గింజకు అంతం. అచ్చంగా కాయల మీదే మేపితే జీవాలకు చేటు.

ఈ వేసవిలో కాయలు రాలే చోటికి మందను తోలకండి, ముందే ఏరించండి. గట్టు మీద మొలక కనిపిస్తే వేరుతో సహా పీకేయండి. మానయ్యాక అది గొడ్డలికీ లొంగదు.