సాక్ష్యం చెప్పే ముందు

చిరంజీవి మనవరాలికి,

మీ గోదాములో హమాలీల కూలీలో మేస్త్రీ కోత పెడుతున్నాడనీ, పూర్తి కూలీ ముట్టినట్టు మస్టరు మీద సంతకం నువ్వే పెట్టాల్సి వస్తోందనీ రాశావు. ‘నేను పైసా ముట్టుకోలేదు కదా తాతయ్యా’ అన్నావు. ఆ మాట చదవగానే 1954 నాటి ‘ఆన్ ది వాటర్‌ఫ్రంట్’ సినిమా గుర్తొచ్చింది.

న్యూయార్క్‌కు హడ్సన్ నది అవతల ఉన్న హొబోకెన్ రేవులో తీశారు దాన్ని. న్యూయార్క్ రేవుల్లోని ముఠాల గురించి మాల్కం జాన్సన్ అనే విలేఖరి 1948లో ‘న్యూయార్క్ సన్’లో వరుస వ్యాసాలు రాసి, మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి అందుకున్నాడు. ఆ రేవుల్లో కూలీలు గుంపుగా నిలబడితే మేస్త్రీ తనకు నచ్చినవాళ్లకే పనిచ్చేవాడు. కూలీలో వాటా ఇస్తానని తెలిసేలా కొందరు చెవి మీద పుల్ల పెట్టుకునేవాళ్లట. యూనియనే ముఠా చేతిలో ఉంటే ఎవరితో మొరపెట్టుకుంటారు? సినిమాలో పని బిళ్లలు నేల మీదికి విసిరేస్తే, వయసు మళ్లినవాళ్లు కూడా ఒకరి మీద ఒకరు పడి ఏరుకుంటారు. అది చూసిన ప్రతిసారీ నా కడుపు రగిలిపోతుంది.

మార్లన్ బ్రాండో వేసిన టెర్రీ ఎవరినీ చంపలేదు. పావురం దొరికిందని చెప్పి తోటి కూలీ జోయీని మేడ మీదికి పంపాడు, అంతే. అక్కడ కాచుకున్న ముఠావాళ్లు జోయీని కిందికి తోసేశారు. కాస్త బెదిరిస్తారేమో అనుకున్నాడట టెర్రీ! తల్లీ, నీ సంతకం ఆ పిలుపులాంటిదే. నువ్వు పైసా తీసుకోకపోవచ్చు, కానీ నీ సంతకం లేకపోతే ఆ కోత సాగదు.

టెర్రీ విచారణ సంఘం ముందు నిజం చెప్పాక ఇరుగుపొరుగు మొహం తిప్పుకున్నారు. అతని వెంట తిరిగిన కుర్రాడే అతని పావురాలను చంపేశాడు. నీకూ కొన్నాళ్లు అలాంటి కష్టం రావచ్చు. రాదని నీకు అబద్ధం చెప్పను.

ఇంకొకటి కూడా తెలుసుకో. దర్శకుడు ఎలియా కజాన్ 1952లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు ఎనిమిదిమంది పాత సహచరుల పేర్లు కమ్యూనిస్టులుగా చెప్పాడు. కమ్యూనిస్టు అన్న ముద్ర పడితే సినిమాల్లో పని దొరకని రోజులవి. టెర్రీ కథలో తన కథే ఉందని తర్వాత ఆయనే రాసుకున్నాడు. నేను ఒప్పుకోను. టెర్రీ మాట కూలీల నోరు కొట్టేవాళ్ల మీద పడింది. కజాన్ మాట, తనతో కలిసి నాటకాలాడినవాళ్ల బతుకు మీద పడింది. సినిమాకు ఎనిమిది ఆస్కార్లు వచ్చాయి, అవి దానికి తగినవే. అయినా ఆ తేడా చెరిగిపోదు.

కాబట్టి నోరు విప్పేముందు, నీ మాట ఎవరి మీద పడుతుందో చూసుకో. హమాలీలను అడగకుండా వాళ్ల పేర్లు ఏ కాగితం మీదా రాయకు. ముందు వాళ్లతో కూర్చుని మాట్లాడు, ఎవరికెంత ముట్టిందో వాళ్ల నోటనే విని రాసిపెట్టుకో. వచ్చే వారం మస్టరు మీద మాత్రం సంతకం పెట్టకు. కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లే రోజు ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య