ఒక మాట మోసిన నింద

ఇంగ్లీషులో 'ల్యూడ్' అను విశేషణమొకటి కలదు. కాముకమైన, సిగ్గుమాలిన, బూతుతో కూడిన అని నేడు దాని అర్థము. అయితే ఆ మాట పుట్టుకలో ఏ పాపమును లేదు. వెయ్యేండ్ల క్రిందటి ఇంగ్లీషులో దాని రూపము 'లేవెదె'. గురువు గాని మఠవాసి గాని కానివాడు, అనగా సంఘములోని సామాన్య విశ్వాసి అని దాని భావము. మీవంటివారు, నావంటివారు అన్నమాట!

ఆ దినములలో ఇంగ్లండులో అక్షరములు నేర్చినవారు చాలమట్టుకు గురువులును మఠవాసులునే. కనుక గురువు కానివాడనగా చదువు రానివాడాయెను. చదువు రానివాడు మోటువాడాయెను, మోటువాడు నీచుడాయెను. 14వ శతాబ్దము ముగియకముందే కాముకుడను అర్థమును వానికి అంటగట్టిరి. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో అపొస్తలుల కార్యములు 17:5 చూడుడి. థెస్సలొనీకలో యాసోను ఇంటిమీద పడిన మూకకు ఈ విశేషణమే వాడిరి. వారు చేసినది దౌర్జన్యమే గాని వ్యభిచారము కాదు. మన తెలుగు బైబిలులో వారు దుష్టులు మాత్రమే. తరువాత పాత అర్థములన్నియు రాలిపోయి బూతు ఒక్కటే నిలిచెను.

ఇంగ్లీషువారినే ఆక్షేపింపనక్కరలేదు. మన 'గ్రామ్యము' సంగతి ఏమి? గ్రామమునకు చెందినదని దాని అర్థము. అలంకారశాస్త్రజ్ఞులు మోటైన, అసభ్యమైన మాటకు ఆ పేరు పెట్టి కావ్యదోషములలో చేర్చిరి. నాగలి పట్టినవాడు ఆ శాస్త్రము వ్రాయలేదు సుమా!

ఇది మాటలతో పోవునా? కూలివాని ఇంట మచ్చ వినబడినయెడల పెద్దలు ఆ రాత్రియే కూడుదురు. చదువుకొన్నవాని ఇంట వినబడినయెడల, "ఆయన అట్టివాడు కాడు" అందురు. విచారణ లేకయే ఇద్దరికిని తీర్పు జరిగిపోవును. ఆ రెండవ ఇంటిలో ఏడ్చుచున్న పనిపిల్ల మాట ఎవరు విందురు?

రెండవ సమూయేలు 11వ అధ్యాయము తెరువుడి. బత్షెబను పిలిపించినవాడు పామరుడా? రాజు, కీర్తనలు కూర్చినవాడు, వ్రాత నేర్చినవాడు. ఊరియాయో, తోటి సైనికులు బయట దండులో నుండగా తన ఇంటికి పోనొల్లక రాజనగరు ద్వారమున పండుకొనెను. దావీదు చదువు పాపమునకు అడ్డురాలేదు సరికదా, దానిని కప్పుటకు పనికివచ్చెను. ఊరియాను యుద్ధము ముమ్మరముగా నున్నచోట ముందు నిలిపి విడిచిరండని యోవాబునకు ఉత్తరము వ్రాసెను. వ్రాసి, దానిని ఊరియా చేతికే ఇచ్చి పంపెను.