కువైట్ వంటింటి చదువు

విదేశాలు చూడబోయేవాళ్లు ఈమధ్య కోటలు, మ్యూజియాలతో సరిపెట్టుకోవడం లేదు. బ్యాంకాక్‌లోనో బాలిలోనో డబ్బు కట్టి, ఎవరింట్లోనో ఒక పూట వంట నేర్చుకుని వస్తున్నారు. మంచిదే. కానీ మన కలకడ, రాయచోటి వైపు నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు ఈ చదువు ఎప్పుడో చదివేశారు. ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు. సెలవు దొరకడమూ కష్టమే. పర్యాటకుల ఫొటోల్లో కనిపించని సంగతి అది.

అక్కడి ఇంటి వంట మచ్‌బూస్. ఏలకులు, దాల్చినచెక్క వేసి మాంసం ఉడికించి, ఆ రసంలోనే బియ్యం వండుతారు. అసలు కిటుకు ఎండు నిమ్మకాయలో ఉంది. ఉప్పునీళ్లలో ఉడికించి, ముదురు రంగు వచ్చేదాకా ఎండబెట్టిన కాయ అది. గాటు పెట్టి వేస్తేనే పులుపు దిగుతుంది, గింజలు పడితే చేదెక్కుతుంది. పక్కన దక్కూస్ పచ్చడి ఉండాలి: టమాటా, వెల్లుల్లి, మిరపకాయ. మదనపల్లె టమాటా చూసి పెరిగినవాళ్లకు దీన్ని ఒకరు నేర్పాలా!

మీ వీధిలో కువైట్ నుంచి తిరిగొచ్చిన అక్క ఎవరైనా ఉంటే, ఈ ఆదివారం మచ్‌బూస్ చేయించుకోండి. కొలతలు మాత్రం అడగొద్దు. “చూసి వేసుకోవాల” అంటుంది, అంతే.